ఒక సిగరెట్టు సేపు

ఆ బేకరీలో ఒక గోడ గడియారం ఉంది. అది ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ గుర్తు లేదు. బాగు చేయించాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు, ఎందుకంటే దానితో ఎవరికీ పని పడలేదు. ఓవెన్ మాస్టర్ కాల్చే సిగరెట్టే ఆ బేకరీకి గడియారం.

బన్నుల ట్రేలు లోపలికి తోసి, ఇనప తలుపు మూసి, మాస్టర్ వెనక గుమ్మం దాటి సందులోకి వెళ్ళేవాడు. అక్కడ బోర్లించిన నూనె డబ్బా ఆయన సింహాసనం. దాని మీద కూర్చుని ఒకటి వెలిగించి, అది అయిపోయాక లోపలికి వచ్చి తలుపు తీస్తే, బన్నులు బంగారు రంగులో నిగనిగలాడుతూ ఉండేవి. బ్రెడ్డుకైతే రెండు సిగరెట్లు. బిస్కెట్లకి సగం, మిగతా సగం ఆర్పి చెవి మీద పెట్టుకుని వచ్చేవాడు. ముసురు పట్టిన రోజుల్లో బన్నులు ఆలస్యంగా కాలతాయి కదా అని ఎవరైనా అంటే, ఆ చెమ్మకి సిగరెట్టు కూడా అంతే ఆలస్యంగా కాలుతుందనేవాడు. ఆయన మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు. ఇన్నేళ్ళలో ఒక్క వాయి మాడితే ఒట్టు.

బేకరీలో మిగతా వాళ్ళ పని కూడా ఈ లెక్క మీదే నడిచేది. పిండి కలిపేది మాస్టర్ బావమరిదే. బావ వెనక గుమ్మం దాటాడంటే ఇతను తరవాతి వాయికి పిండి కొట్టడం మొదలుపెట్టేవాడు. ముందు గదిలో కౌంటరు దగ్గర కూర్చునే ఓనరమ్మ, సందులోంచి పొగ రెండోసారి కిటికీలోకి రాగానే షట్టరు ఎత్తించేది. "పొగొచ్చింది, ఇక జనం వస్తారు" అనేది. ఆవిడకి మాస్టర్ మీద ఎంత గురో ఆ పొగ మీద కూడా అంతే గురి.

అలాంటి మనిషి సిగరెట్టు మానేయాల్సి వచ్చింది. డాక్టరు చెప్పి ఉంటే ఆయన చెవిన పెట్టేవాడే కాదు. డాక్టరు చెప్పీ చెప్పీ విసిగిపోయి ఊరుకుని చాలా కాలమైంది. ఈసారి కూతురు గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

కూతురు ఉండేది బేకరీ వెనక వీధిలోనే, నాలుగో అంతస్తులో. ఆ బిల్డింగులో లిఫ్టు చెడిపోయింది. బాగు చేసేవాళ్ళు వస్తున్నారు, వస్తున్నారు అని వాచ్‌మన్ చెబుతూనే ఉన్నాడు, వాళ్ళు మాత్రం రావడం లేదు. ఆమెకి నెలలు నిండకుండానే కాన్పయింది. చంటిది గుప్పెడంత ఉంది. కొన్నాళ్ళు ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉంచి, ఇంటికి పంపేటప్పుడు, "ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడాలి, పొగ వాసన దరిదాపులకి కూడా రానివ్వకండి" అని ఒకటికి పదిసార్లు చెప్పి పంపారు. అప్పటిదాకా తాత మనవరాలిని అద్దంలోంచి చూశాడే తప్ప వేలితో కూడా ముట్టుకోలేదు. ఇంటికి తెచ్చారని తెలియగానే సంచీ నిండా వెచ్చటి బన్నులు వేసుకుని పరిగెత్తాడు. పరిగెత్తాడంటే, మెట్ల దాకా. ఆ మెట్లు చూసేసరికి గుండె జారిపోయింది. ధైర్యం కోసం అక్కడే ఒకటి వెలిగించాడు.

తరవాత రెయిలింగు పట్టుకుని, అంతస్తు అంతస్తుకీ ఆగి, బిల్డింగు మొత్తానికీ వినపడేలా దగ్గుతూ పైకి చేరాడు. ఆ దగ్గుకే చంటిది లేచి ఏడుపు అందుకుంది. కూతురు తలుపు కొంచెమే తీసింది.

"నాన్నా, ఇప్పుడే కాల్చి వచ్చావా?"

"ఛ ఛ, లేదమ్మా. పొద్దుట్నించీ ముట్టుకుంటే ఒట్టు."

ఆ మాట అంటున్నప్పుడు తన నోట్లోంచి పొగ కూడా వస్తోందేమోనని ఆయనకే అనుమానం వచ్చింది.

"కాల్చావని కాదు నాన్నా బాధ," అంది కూతురు. "నా మొహం చూస్తూ లేదన్నావు చూడు, అదీ. నా పుట్టినరోజుకి మానేశానన్నావు. పరీక్షలప్పుడు మానేశానన్నావు. పెళ్ళికి మానేశానన్నావు. ప్రతిసారీ నమ్మాను. అప్పుడు నమ్మి మోసపోతే నేను మోసపోయేదాన్ని, అంతే. ఇప్పుడు మోసపోతే దాని ఊపిరి మీదికొస్తుంది. నువ్వు నిజంగా మానేశావని నాకు నమ్మకం కుదిరిన రోజు నేనే పిలుస్తాను. అప్పటిదాకా పైకి రాకు."

అని తలుపు మెల్లగా మూసింది. విసురుగా మూసి ఉంటే ఆయనకి కోపమైనా వచ్చేది. చంటిది ఉలిక్కిపడకుండా అంత మెల్లగా మూసేసరికి కళ్ళనీళ్ళు తిరిగాయి. జేబులో ఉన్న పెట్టెని దిగుతూ దిగుతూ చెత్తకుండీలో పడేశాడు. ఈసారి మానేస్తున్నానని ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారు కాబట్టి.

మర్నాటి నుంచి బుట్ట వచ్చింది. కూతురు బాల్కనీలోంచి తాడు కట్టి బుట్ట దించుతుంది. ఆయన బన్నులు గుడ్డలో చుట్టి అందులో పెడతాడు. ఆమె పైకి లాక్కుంటుంది. పైనుంచి చంటిదాని ఏడుపు వినిపిస్తుంది. ఏడుపైతేనేం, మెడ నొప్పెట్టేదాకా తలెత్తుకుని అక్కడే నిలబడి వినేవాడు.

ఇక బేకరీ సంగతి చెప్పాలి. సిగరెట్టు లేని మొదటి రోజు, మొదటి వాయి ఓవెన్లోకి వెళ్ళింది. మాస్టర్ అలవాటుగా వెనక గుమ్మం దాకా వెళ్ళి, నాలుక కరుచుకుని, వెనక్కి వచ్చాడు. ఓవెన్ ముందు నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎంతసేపయిందో అసలే తెలియలేదు. తలుపు తీసి చూశాడు. తెల్లగా ఉన్నాయి. మూశాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ మూశాడు. వేడంతా బయటికి పోయి బన్నులు చప్పిడి ముక్కుల్లా అణిగిపోయాయి. రెండో వాయికి, చచ్చినా మధ్యలో తలుపు తీయకూడదని ఒట్టు పెట్టుకుని, నోట్లో వేసుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని సామాన్ల గదిలోకి వెళ్ళాడు. అక్కడ ఎండుద్రాక్ష డబ్బా కనిపించింది. గుప్పెడు తిన్నాడు. ఇంకో గుప్పెడు తిన్నాడు. బయటికొచ్చేసరికి బేకరీ నిండా నల్లటి పొగ.

ఓనరమ్మ ముక్కు మూసుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఏంటి మాస్టరూ ఇది! పొద్దుట్నించీ సందులో పొగ లేదేమా అనుకున్నా. నువ్వు మానేసి ఓవెన్‌కి అలవాటు చేశావా?"

బావమరిది నవ్వు ఆపుకోలేక పిండి డబ్బాలో తల దూర్చాడు. ఎవరికీ చెప్పకూడదనుకున్న సంగతి అలా అందరికీ తెలిసిపోయింది. ఓనరమ్మ మంచి మనిషే, మానెయ్యడం మంచిదేనంది. కానీ బన్నుల సంగతేమిటంది. బావమరిది నిచ్చెనెక్కి గోడ గడియారం దించి, దుమ్ము దులిపి, కొత్త బ్యాటరీ వేశాడు. అది నడిచింది గానీ వెనక్కి నడిచింది. సరే, ఫోనుంది కదా అని జేబులోంచి తీశాడు.

"ఎంతసేపటికి అలారం పెట్టమంటావు బావా?"

"ఒక సిగరెట్టు సేపటికి."

"అదే, ఎంతసేపు?"

మాస్టర్ ఓనరమ్మ వైపు చూశాడు. ఓనరమ్మ బావమరిది వైపు చూసింది. ఇన్నేళ్ళుగా ఆ ముగ్గురి బతుకూ ఆ లెక్క మీదే నడిచింది గానీ, ఒక సిగరెట్టు సేపంటే ఎంతసేపో ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు.

ఓ వారం పాటు అంచనా మీద కాల్చి, వాయి తరవాత వాయి మాడ్చుకున్నాక, ఓనరమ్మే ఉపాయం చెప్పింది. ఒక సిగరెట్టు తెప్పించి, సాసర్లో పెట్టి కిటికీ గట్టు మీద కాలనిద్దాం. ఎవరూ కాల్చొద్దు. అది ఎంతసేపట్లో అయిపోతుందో ఫోనులో చూసి రాసి పెట్టుకుందాం, దాంతో పాటే ఒక వాయి ఓవెన్లో పెట్టి చూద్దాం. వినడానికి ఇంతకంటే తెలివైన మాట లేదు. తీరా అగ్గిపుల్ల పెడితే పీల్చేవాడు లేక అది అంటుకోదు. చివరికి బావమరిది, పాపం, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ముట్టనివాడు, ఒక దమ్ము లాగి దగ్గి దగ్గి ఎర్రబడిపోయాడు. మాస్టర్ గది ఆ చివర గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. పొగ తిన్నగా ఆయన దగ్గరికే వచ్చింది, చిన్ననాటి స్నేహితుడు పలకరించినట్టు. ఆయన కళ్ళు మూసుకుని చంటిదాన్ని తలుచుకున్నాడు.

పీల్చేవాడు లేని సిగరెట్టు తీరుబడిగా కాలుతుందని ఆ ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. అది ఒళ్ళు విరుచుకుంటూ, బద్ధకంగా, ఎప్పటికో అయిపోయింది. ఓవెన్ తెరిస్తే బన్నులు బూటు రంగులో ఉన్నాయి. ఉపాయం తిరగబడిందని ఓనరమ్మ తల పట్టుకుంది. మాస్టర్ ఉన్నవాటిలో కాస్త నయంగా ఉన్నవి ఏరి, కిటికీకి ఆరేసిన గుడ్డ తీసి చుట్టి, కూతురి బుట్టలో పెట్టడానికి బయల్దేరాడు. ఆ గుడ్డ ఆరింది సరిగ్గా సాసరు మీదనే.

బుట్ట పైకి వెళ్ళింది. కూతురు గుడ్డ విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుంది. తిట్టలేదు, అరవలేదు. బన్నులు ఎలా వచ్చాయో అలాగే చుట్టి బుట్ట కిందికి దించేసింది.

మాస్టర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. "అమ్మా! నేను కాదమ్మా!" అని వీధిలోంచే కేక పెట్టాడు. "సాసరు! సాసరు కాల్చింది!"

దారినపోయే ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. కూతురు లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన అబద్ధాలన్నీ ఈ నిజం కంటే నమ్మేలా ఉండేవి.

కాళ్ళు వాటంతట అవే వీధి చివర కొట్టు దగ్గరికి తీసుకెళ్ళాయి. కొట్టువాడు అడగకుండానే పెట్టె తీసి ముందు పెట్టాడు. మాస్టర్ దాని వంక చూస్తూ నిలబడ్డాడు. కాల్చినా నమ్మదు, కాల్చకపోయినా నమ్మదు, మరి కాల్చకుండా ఉండి బాగుపడిందేమిటి? చెయ్యి చాపబోతూ తలెత్తితే, అక్కడి నుంచి కూడా కూతురి బాల్కనీ కనిపించింది. తీగ మీద బొమ్మకి తొడిగేంత చిన్న చొక్కాలు ఆరేసి ఉన్నాయి. ఆయన చెయ్యి పక్కకి తిప్పి అరటిపళ్ళు అడిగాడు. అక్కడే నిలబడి, ఎవరి మీదో కసి తీర్చుకున్నట్టు, ఒకదాని తరవాత ఒకటి తినేశాడు. కొట్టువాడు నోరెళ్ళబెట్టి చూశాడు.

ఇంటికెళ్ళి భార్యకి జరిగిందంతా చెప్పాడు. "నువ్వు కూడా నమ్మవులే" అని ముందే అనేశాడు.

"నమ్ముతున్నాను," అంది ఆవిడ తాపీగా కూరగాయలు తరుగుతూ.

"ఎందుకు?"

"కాల్చే మనిషైతే ఇంత చిరాకు పడడు. పొద్దున చెంచా కింద పడితే దాన్ని కూడా తిట్టారు. ఇంకోటి, ఆ ప్యాంటు గుండీ. నిన్నే కుట్టాను, ఇవాళ మళ్ళీ తెగింది. మీరు సిగరెట్టు మానేసి వెన్న రాసిన బన్నులు మొదలెట్టారు."

మాస్టర్, ఓవెన్ ముందు నిలబడితే చెయ్యి ఊరుకోదనీ, విరిగిన బన్నుల డబ్బా పక్కనే ఉంటుందనీ ఒప్పుకున్నాడు.

"మరి అక్కడ నిలబడడం దేనికి? తలుపు మూసేసి అలా ఓ చుట్టు తిరిగి రండి. మీ చేతికీ నోటికీ పని చెబితే ఇలా అయింది. ఇప్పుడు కాళ్ళకి చెప్పండి. నోటి సంగతి నేను చూసుకుంటాను."

మర్నాడు ఆవిడ చేతికిచ్చిన డబ్బాలో కీర ముక్కలు, క్యారెట్ ముక్కలు, ఉడకబెట్టిన గుడ్డు, గుప్పెడు మొలకలు ఉన్నాయి. ఆయన మూత తీసి ముఖం ముడుచుకున్నాడు.

"నేనేమన్నా కుందేలునా?"

"కుందేలు నాలుగంతస్తులు ఎక్కగలదు," అంది భార్య. ఆయన మూత పెట్టి డబ్బా చంకన పెట్టుకున్నాడు.

ఆ రోజు ట్రేలు లోపలికి తోసి, తలుపు మూసి, నూనె డబ్బా వంక చూడకుండా నడక మొదలుపెట్టాడు. సందు దాటి, లాండ్రీ ముందు నుంచి, బస్‌స్టాపు మీదుగా, బడి ప్రహరీ వెంట వెళ్ళి, మలుపు తిరిగితే కూతురి బిల్డింగు వస్తుంది. అది దాటితే మళ్ళీ బేకరీ. చూడ్డానికి చిన్న చుట్టే. బస్‌స్టాపు చేరేసరికే ఆయాసం తన్నుకొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. బస్సు వచ్చి ఆగి, ఎక్కుతాడేమోనని డ్రైవరు ఎదురుచూస్తుంటే, ఎక్కనని చెయ్యి ఊపడానికి కూడా ఓపిక లేకపోయింది. బడి గోడ పట్టుకుని ఒకసారి, కూతురి మెట్ల దగ్గర ఒకసారి ఆగి, కాళ్ళీడ్చుకుంటూ బేకరీకి చేరి, ఓవెన్ తలుపు తీశాడు.

బన్నులు బంగారు రంగులో నిగనిగలాడుతున్నాయి.

"ఒరేయ్!" అని అరిచాడు. బావమరిది పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు. ఓనరమ్మ వచ్చింది. ముగ్గురూ ఆ ట్రే చుట్టూ నిలబడి, పోయిన మనిషి తిరిగొచ్చినట్టు చూసుకున్నారు. అచ్చం ఒక సిగరెట్టు సేపు పట్టింది ఆ చుట్టు.

అప్పటి నుంచి బేకరీ మళ్ళీ గాడిన పడింది. బన్నులకి ఒక చుట్టు, బ్రెడ్డుకి రెండు చుట్లు, బిస్కెట్లకి లాండ్రీ దాకా వెళ్ళి రావడం. పొగ లేదు కాబట్టి ఓనరమ్మ కిటికీలోంచి తొంగి చూసి, మాస్టర్ రెండోసారి సందు దాటగానే షట్టరు ఎత్తించేది. లాండ్రీ ఆవిడ ఆయన వెళ్ళేటప్పుడు పలకరించి, బిస్కెట్ల వాయికైతే తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ పలకరించేది. మొదట్లో రాత్రి పడుకుంటే కాళ్ళు సలిపేవి. సిగరెట్టు గుర్తొచ్చినప్పుడల్లా ప్రాణం గిలగిల్లాడేది, గుర్తు రాని గంట ఉండేది కాదు. అప్పుడు డబ్బాలోంచి ఒక క్యారెట్ ముక్క తీసి, వేళ్ళ మధ్య అలాగే పట్టుకుని, కరకరా నమిలేవాడు. ఒకసారి పరధ్యానంలో దాని చివర బూడిద కూడా దులిపాడు.

కూతురి బిల్డింగు ముందు నుంచి రోజూ ఇన్నిసార్లు వెళ్తున్నా, ఆమె బాల్కనీలో కనిపిస్తే తల వంచుకుని సాగిపోయేవాడు. పిలుపు కోసం ఇక్కడే తచ్చాడుతున్నాడని అనుకుంటుందేమోనని ఆయనకి అభిమానం. భార్య రెండుసార్లు ఉతికిన గుడ్డలో బన్నులు పంపితే, కూతురు ఏమీ అనకుండా తీసుకుంది. బుట్ట మళ్ళీ మామూలుగా ఎక్కి దిగుతోంది. భార్య పైకి వెళ్ళి వచ్చినప్పుడల్లా కబుర్లు మోసుకొచ్చేది. చంటిది నవ్విందట. చంటిది పిడికిలి విప్పి అమ్మ జుట్టు పట్టుకుందట. చంటిది బోర్లా పడిందట.

"నేను మానేశానని చెప్పలేదా దానికి?"

"చెప్పాను. 'నువ్వు ప్రతిసారీ అలాగే అంటావమ్మా' అంది. ఏం చెప్పమంటారు, నిజమేగా."

బోర్లా పడ్డం చూడలేకపోయినందుకు ఆయనకి ఆ పూట అన్నం సహించలేదు. ఇంకొన్నాళ్ళకి పాకుతుంది, తరవాత నడుస్తుంది, తాను మాత్రం కింద బుట్ట పట్టుకుని నిలబడే ఉంటాడు. ఆ దిగులు ఆయనతో పాటే రోజూ చుట్లు తిరిగేది.

అలా తిరుగుతుండగానే ఒక వింత జరిగింది. పోయిందని కూడా తెలియని ముక్కు తిరిగొచ్చింది. ఒకరోజు పిండి మీద గుడ్డ తీయగానే పులిసిన పిండి వాసన గుప్పుమంది. మాస్టర్ అక్కడే ఆగిపోయి, ఇది ఎప్పటినుంచి ఇలా వస్తోందని అడిగాడు. మర్నాడు బావమరిది వంతు వచ్చింది.

"ఒరేయ్, ఆ బూట్లు బయట విప్పి రా."

"ఇన్నేళ్ళూ రాని వాసన ఇప్పుడొచ్చిందా బావా?"

"ఇన్నేళ్ళూ ఉంది. నాకే ముక్కు లేదు."

ఇంటికెళ్ళి, క్యారెట్ ఇంత తియ్యగా ఉంటుందని ఎవరూ చెప్పలేదేమని భార్యని నిలదీశాడు. ఆవిడ ఇంకో గిన్నె ముందుకు జరిపింది. ప్యాంటు గుండీ ఇప్పుడు తెగడం లేదు సరిగదా, బెల్టుకి కొత్త చిల్లు పెట్టాల్సి వచ్చింది.

అంతా బాగుందనుకుంటుండగా మళ్ళీ కొంప మునిగింది. ఈసారి బన్నులు మాడలేదు, పచ్చిగా రావడం మొదలుపెట్టాయి. మొదట కాస్త పాలిపోయినట్టు ఉన్నాయి. తరవాత మధ్యలో పిండి పిండిగా ఉంటున్నాయన్నారు. ఒక ముసలాయన కౌంటరు దగ్గరికొచ్చి, పంటికి అంటుకున్న బన్ను ముక్కని వేలితో చూపించి మరీ పోయాడు. ఓనరమ్మ మెకానిక్కుని పిలిపించింది. అతను ఓవెన్‌ని ఏ ముక్కకి ఆ ముక్క విప్పి, మళ్ళీ బిగించి, మిగిలిపోయిన ఒక మరమేకుని జేబులో వేసుకుని, దీనికి ఏ రోగమూ లేదని చెప్పి వెళ్ళాడు. అయితే తప్పు పిండిదేనని ఓనరమ్మ తేల్చింది. ఆ మాటకి బావమరిది ఒంటికాలి మీద లేచాడు.

ఆ రోజు బుట్టలో ఒక బన్ను సగం కొరికి వెనక్కి వచ్చింది. చాలా రోజుల తరవాత కూతురు బాల్కనీలోంచి నోరు విప్పింది.

"నాన్నా, ఇదేంటి ఇలా ఉంది? నీకు ఒంట్లో బావుందా?"

"నాకు బానే ఉందమ్మా. ఓవెన్‌కే బాలేదు."

బావమరిదికి మాత్రం అనుమానం వేరే చోట పట్టుకుంది. బావ చుట్టు పూర్తిగా తిరగడం లేదు. మధ్యలో ఏ మలుపు దగ్గరో ఆగి, గుట్టు చప్పుడు కాకుండా ఒకటి లాగించి, అడ్డదారిన వచ్చేస్తున్నాడు. తన పిండికి పడ్డ మాట తుడిచేసుకోవాలంటే బావని పట్టుకోవలసిందే. మర్నాడు మాస్టర్ ట్రేలు తోసి బయటికి నడవగానే, ఏప్రన్‌తోనే వెంటపడ్డాడు.

లాండ్రీ దాకా బాగానే నడిచాడు. బస్‌స్టాపు దగ్గర బావ వీపు చిన్నదైపోయింది. బడి గోడ దగ్గర ఇతను పరుగు అందుకున్నాడు. మలుపు తిరిగేసరికి బావ అప్పుడే బేకరీ గుమ్మంలోకి మాయమవుతున్నాడు. ఎక్కడా ఆగలేదు, ఏ అడ్డదారీ తొక్కలేదు. బావమరిది డొక్క పట్టుకుని మేనకోడలి బిల్డింగు మెట్ల మీద కూలబడ్డాడు.

బాల్కనీలో బట్టలు తీస్తున్న మేనకోడలు చూసి కంగారుపడింది. "మావయ్యా! ఏమైంది?"

"మీ నాన్న..." అన్నాడు ఇతను రొప్పుతూ. "మీ నాన్న..."

"నాన్నకేమైంది మావయ్యా!"

"ఏమీ కాలేదు! అదేగా! పరిగెత్తినా... నాకు అందడం లేదు!" ఊపిరి కూడదీసుకుంటుండగానే అసలు సంగతి అతని బుర్రలో వెలిగింది. లేచి నిలబడ్డాడు. "అమ్మడూ! బన్నులు పచ్చిగా ఎందుకున్నాయో తెలిసింది! మీ నాన్న ఒక చుట్టు తిరిగొచ్చేలోపు బన్నులు కాలాలి, అదీ మా లెక్క. మొదట్లో పది చోట్ల కూలబడి, దగ్గుకుంటూ వచ్చేవాడు, బన్నులు చక్కగా కాలేవి. ఇప్పుడు గుర్రంలా తిరిగొచ్చేస్తున్నాడు! ఇంక అవేం కాలతాయి, నా మొహం!"

కూతురు రెయిలింగు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చేతిలో చంటిదాని చొక్కా ఉంది. కింద వీధిలో తండ్రి రోజూ తల వంచుకుని వెళ్ళడం ఆమె చూస్తూనే ఉంది. ఆ నడక ఎప్పుడు మారిందో మాత్రం గమనించలేదు.

ఇంతలో మాస్టర్ మళ్ళీ ఆ వీధిలోకి వచ్చాడు. అక్కడ బేకరీలో ఓవెన్ తలుపు తీస్తే బన్నులు తెల్లగా వెక్కిరించాయి. విసుగొచ్చి తలుపు మూసి, ఈసారి అటువైపు నుంచి ఇంకో చుట్టుకి బయల్దేరాడు. మెట్ల మీద బావమరిదిని చూసి, పని మానేసి ఇక్కడేం చేస్తున్నావని అడగబోయాడు.

"నాన్నా!"

తలెత్తాడు. బుట్ట లేదు, తాడు లేదు. కూతురొక్కతే ఉంది.

"పైకి రా నాన్నా."

ఆయన కదల్లేదు. తనకే చెప్పిందా అని అటూ ఇటూ చూశాడు. "వెళ్ళు బావా!" అని బావమరిది ఆయన వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ తరవాత ఆయన మెట్లు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. మూడో అంతస్తు దాటాక, రెయిలింగు పట్టుకోవడం మరిచిపోయానని గుర్తొచ్చింది. అప్పుడు కూడా పట్టుకోలేదు.

తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది.

"దగ్గు వినపడలేదు," అంది. "మెట్లెక్కేది నువ్వు కాదేమో అనుకున్నాను."

"అమ్మా, నేను నిజంగానే... ఆ రోజు సాసరు..."

"నువ్వేం చెప్పకు నాన్నా. నీ బన్నులు చెప్పేశాయి."

ఆయన చేతులు కడుక్కున్నాడు. మోచేతుల దాకా కడుక్కుని, చాలదనిపించి మళ్ళీ కడుక్కున్నాడు. కూతురు ఆ చేతుల్లో చంటిదాన్ని పెట్టింది. అది ఇప్పుడు గుప్పెడంత లేదు. బూరె బుగ్గలతో, రెండు చేతులా బరువుగా, ఎవరు నువ్వన్నట్టు ఆయన మొహంలోకి చూసింది. తరవాత ఇలా అడగడం అనవసరమనుకుందో ఏమో, చెయ్యి చాపి ఆయన ముక్కు పట్టుకుని లాగింది.

మాస్టర్ నవ్వాడు. నవ్వుతూనే వంగి దాని తల మీద ముక్కు ఆనించాడు. పాలు, సబ్బు, ఎండలో ఆరిన గుడ్డ, వాటన్నిటి అడుగున పేరు తెలియని వెచ్చటి వాసన ఇంకొకటి. అది చంటిదాని సొంత వాసన. ఆయన ఒకసారి గుండె నిండా పీల్చి, చాలక మళ్ళీ పీల్చాడు. తలెత్తేసరికి ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏమైంది నాన్నా?"

"నువ్వూ ఇలాగే ఉండేదానివా?" అన్నాడు. "నిన్ను పగలూ రాత్రీ ఎత్తుకునే తిరిగానమ్మా. కానీ నోట్లో ఎప్పుడూ అదే ఉండేది. నీ వాసన ఎలా ఉండేదో నాకు తెలీదు."

కూతురు దగ్గరికి వచ్చి, చిన్నపిల్లలా తల వంచి ఆయన గడ్డం కింద పెట్టింది. నిద్రలేని తల, చిక్కులు పడ్డ జుట్టు, అందులోనూ పాల వాసనే. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ముగ్గురూ అలాగే ఉండిపోయారు.

కాసేపటికి ఆయన ముక్కు చిట్లించాడు. ఇంకో వాసన వస్తోంది. వెనక వీధి అవతలి నుంచి, నాలుగంతస్తులు ఎక్కి మరీ వస్తోంది. ఆ రోజు పక్క గదిలో వాయి మాడుతున్నా తెలియని మనిషికి ఇప్పుడు ఇక్కడికి తెలిసిపోయింది.

"నాన్నా, మాడు వాసన!" అంది కూతురు తలెత్తి. "ఓవెన్లో ఏమన్నా పెట్టి వచ్చావా?"

"ఒక వాయి ఉంది."

కింద నుంచి ఓనరమ్మ కేకలు, మెట్ల మీద నుంచి బావమరిది పరుగెత్తే బూట్ల చప్పుడు వినిపించాయి. మాస్టర్ చంటిదాన్ని ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"పోనీలే అమ్మా," అన్నాడు. "ఇంకాసేపు ఉంటాను."